ఇండక్షన్ స్టవ్ మధ్యలో ఆగిపోతోందా? ముందు ప్లగ్గు చూడండి

సంచిలో స్టవ్ పెట్టుకుని రిపేరుకని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్టవ్‌లు శుభ్రంగా ఉంటాయి. లోపం వంటింట్లోనే వదిలేసి వస్తారు.

కూత పెడుతూ వేడెక్కకపోతే గిన్నె అడుగున అయస్కాంతం పెట్టండి. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ చాలు. గట్టిగా అంటుకోలేదా, గిన్నె మార్చండి. మామూలు అల్యూమినియం, ఇత్తడి, రాగి గిన్నెలు ఎలాగూ పనికిరావు. స్టీలులోనూ అన్నీ పట్టవు. ఇది చూడకుండానే ఆటోకి డబ్బులు పెట్టుకుని వస్తారు!

అసలు మోసం ఇంకోటి. తక్కువలో పెడితే పాలు పొంగుతాయి. 1600 వాట్లకి పెంచగానే ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. నేనూ దీని దగ్గర బోల్తా పడ్డాను. ఒక పెద్దావిడ స్టవ్‌కి బోర్డు మార్చాను. షాపులో అరగంట నీళ్లు మరిగించి మరీ ఇచ్చాను. మర్నాడే ఫోను: "బాబూ, మళ్లీ అదే తంతు." ఇంటికెళ్లి మీటరు పెడితే 228 వోల్టులు. కరెంటు బాగానే ఉందనుకుని స్టవ్ మళ్లీ విప్పాను. ఏమీ దొరకలేదు. చివరికి స్టవ్ నడుస్తుండగా పక్క సాకెట్లో మీటరు పెట్టాను. అంకె నిలవదే! 180 దాకా పడుతోంది, లేస్తోంది. ఆవిడ వాడుతున్నది ఎక్స్‌టెన్షన్ బాక్సు. విప్పితే లోపల స్క్రూ వదులు, వైరు నల్లగా మాడి ఉంది. స్టవ్ నడవనప్పుడు చూసిన వోల్టేజిని అప్పటినుంచి నమ్మను.

2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టు, కన్వర్టర్ పిన్ను దానికి చాలవు. గీజరుకి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టుకే నేరుగా పెట్టండి. పది నిమిషాలు నడిపి, స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి పిన్నులు తాకి చూడండి. చురుక్కుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, నన్ను కాదు.

పావుగంట నడిచి ఆగితే మాత్రం స్టవ్‌ని చల్లబరిచే లోపలి ఫ్యాను సంగతి. కింద పరిచిన గుడ్డ, పేపరు తీసేయండి. గాలి రంధ్రాల్లో దుమ్ము, బొద్దింకలు ఉంటాయి. వండగానే గోడ స్విచ్చి ఆపేయకండి, ఫ్యాను తిరగడం ఆగాక ఆపండి.

గిన్నెని వేడెక్కించే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, పోవడం అరుదు. ఆన్ చేయగానే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగే మెయిన్ బోర్డు స్విచ్చి) పడిపోతే, లేదా అద్దం పగిలితే వాడకం ఆపి రిపేరుకి తీసుకెళ్లండి.