ఐనూల డీఎన్‌ఏ వార్తను ఎలా చదవాలి?

జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవిలో ఉండే ఐనూ ఆదివాసులకూ మన అండమాన్ ఓంగేలకూ చుట్టరికం ఉందని ఎక్కడైనా చదివితే, నమ్మే ముందు ఏ డీఎన్‌ఏ చూసి ఆ మాట అన్నారో కనుక్కోండి. దాదాపు ఎప్పుడూ అది వై క్రోమోజోమే. రెండుచోట్లా మగవాళ్లలో 'డి' వర్గం (ఒకే పూర్వికుడి నుంచి దిగివచ్చిన మగ వంశాల గుంపు) ఎక్కువ. కానీ వై తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది. పది తరాల వెనక ఒక మనిషి వంశవృక్షంలో 1024 స్థానాలుంటే, వై చెప్పేది అందులో ఒక్కరి సంగతి. పైగా అండమాన్ కొమ్మ, జపాన్ కొమ్మ విడిపోయి పదుల వేల ఏళ్లయింది. జపాన్ మగవాళ్లలో సుమారు మూడో వంతు మందికి 'డి' ఉంది కాబట్టి, పరీక్షలో 'డి' వచ్చినంత మాత్రాన ఎవరూ ఐనూ అయిపోరు.

శాతం కనబడగానే ఎంతమందిని పరీక్షించారో చూడండి. 2004లో వచ్చిన పరిశోధనలో ఐనూ మగవాళ్లు 16 మందే. 14 మందికి 'డి', ఇద్దరికి 'సి'. దాన్ని 87.5 శాతం అని రాస్తే చాలా గట్టి లెక్కలా అనిపిస్తుంది, కానీ ఒక్క మనిషి మారితే ఆరు శాతం మారిపోతుంది. మీరు రాసేటప్పుడు శాతం పక్కనే '16లో 14' అని వేయండి.

తర్వాత తల్లి వైపు చూడాలి. తల్లి నుంచే పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఐనూలకు ఎన్9బి అనే వర్గం కనబడితే, అది ఎక్కువగా జోమోన్ల (వేల ఏళ్ల కింద జపాన్ దీవుల్లో ఉన్న వేటగాళ్ల) వారసత్వమని భావిస్తారు; హొక్కైదో జోమోన్లలో అది చాలా ఎక్కువ. హొక్కైదో పక్కనున్న రెబున్ దీవిలో దొరికిన, సుమారు 3800 ఏళ్ల నాటి జోమోన్ స్త్రీది ఈ వర్గమే. ఆమె పూర్తి జన్యుక్రమం 2019లో వెలువడింది. 'వై' అనే మరో తల్లి వర్గం ఐనూల్లో ఐదో వంతు దాకా ఉంది. పేరు ఒకటే అయినా దీనికీ వై క్రోమోజోమ్‌కూ సంబంధం లేదు, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఇది హొక్కైదోకు ఉత్తరాన ఉన్న సఖాలిన్ దీవి ప్రాంతపు నివ్‌ఖ్ అనే జనంలో బాగా ఎక్కువ. ఒకప్పటి ఓఖోట్స్క్ సముద్ర తీరపు జనం ద్వారా ఐనూల్లోకి వచ్చిందని పరిశోధకులు భావిస్తారు.

ఇప్పుడు దీన్ని సంస్కృతితో పోల్చి చూడండి. ఎలుగుపిల్లను ఏడాది రెండేళ్లు ఇంట్లో సాకి, ఆపై చంపి, దాని ఆత్మను దేవలోకానికి సాగనంపే ఇయోమాంతె ఐనూలకు అతి పెద్ద క్రతువు. ఆ ఓఖోట్స్క్ జనం ఇళ్ల తవ్వకాల్లో ఒక మూల పేర్చిపెట్టిన ఎలుగు పుర్రెలు బయటపడ్డాయి. ఆచారంలో కనబడే ఉత్తరపు వాటాయే తల్లి వైపు డీఎన్‌ఏలోనూ కనబడుతోంది. ఐనూల మూలాల్లో ఎక్కువ భాగం జోమోన్‌దే, కానీ 'అచ్చమైన జోమోన్ జనం' అని రాస్తే తప్పు.

అన్నిటికంటే హాని చేసేది '13వ శతాబ్దం' అనే మాట. పురావస్తు పుస్తకాలు ఐనూ సంస్కృతి అప్పుడు మొదలైందంటాయి. మట్టికుండల స్థానంలో ఇనుప పాత్రలు, గోడవారగా ఉండే పొయ్యి స్థానంలో ఇంటి మధ్య నిప్పుల గుంట వచ్చిన కాలానికి పెట్టిన పేరది. జనం అప్పుడు వచ్చి దిగారని దాని అర్థం కాదు. ఐనూలు ఆదివాసులే కాదని వాదించేవాళ్లు ఈ తేదీనే పట్టుకుంటారు. జపాన్ 2019లో చట్టంలోనే వాళ్లను ఆదివాసులుగా గుర్తించింది.

ఆఖరున, నమూనా ఎక్కడిదో, ఎవరి అనుమతితో తీసుకున్నారో చూడండి. ఒకప్పుడు పరిశోధకులు ఐనూ సమాధులు తవ్వి ఎముకలు పట్టుకుపోయారు; వాటిలో వెయ్యి మందికి పైగా మనుషుల అవశేషాలు ఇప్పుడు హొక్కైదోలోని షిరావోయి ఊళ్లో స్మారక స్థలంలో ఉన్నాయి. అనుమతి సంగతి చెప్పని పరిశోధనను ఉదహరిస్తే, ఆ లోటును కూడా అక్కడే రాయండి.