స్టిక్ వదిలెయ్, అదే ఎగురుతది

నాది నల్లగొండలో మోటారు వైండింగ్ షాపు. వారం పొడుగునా కాలిపోయిన బోరు మోటార్ల వైరు పీకడం, కొత్త వైరు చుట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం. ఆదివారం పొద్దున మాత్రం పానగల్లు దాటినాక మా చుట్టాల పొలంలో రిమోట్ విమానాలు ఎగరేస్తాను. ఇప్పటికి పద్నాలుగు మందికి నేర్పాను. పదకొండు మంది ఎవరి సాయం లేకుండా దింపగలుగుతున్నారు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి ఓపిక లేదు, ఒకాయనకు ఇంట్లో పర్మిషన్ దొరకలేదు.

నాకు మాత్రం నేర్పినవాళ్లు లేరు. నా మొదటి విమానం పదకొండు సెకన్లు ఎగిరింది. తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు కాబట్టి లెక్క పక్కాగా తెలుసు. ఆ వీడియో ఎన్నోసార్లు చూశాక ఒకటి అర్థమైంది. విమానం దాని మానాన అది సక్కగానే పోతోంది. నేనే రిమోట్ మీది స్టిక్‌ను కుడికి కొట్టాను, ఎక్కువైందని ఎడమకు కొట్టాను, అదీ ఎక్కువైందని మళ్లీ కుడికి. కొత్తవాళ్ల విమానాలు కూలేది చాలావరకు ఇట్లానే. అందుకే నేను మొదట తిప్పడం నేర్పను, వదలడం నేర్పుతాను. మీరు ఎవరికైనా నేర్పబోతుంటే మొదటి నెల అంతా ఇదే పని అనుకోండి.

వదిలేస్తే దానంతట అది సర్దుకునే విమానం కావాలంటే కొనేటప్పుడే చూసుకోవాలి. పిల్లలకు ఫైటర్ జెట్ ఆకారం కావాలి. వద్దని చెప్పండి. రెక్క విమానం నెత్తి మీద ఉండాలి, బరువంతా దాని కింద వేలాడాలి. ఎదురుగా నిలబడి చూస్తే రెక్కల చివర్లు కాస్త పైకి లేచి, బల్ల మీద తెరిచి పెట్టిన పుస్తకంలా కనిపించాలి. అట్లాంటిది ఒక పక్కకు ఒరిగినా తనే తిరిగి లేస్తుంది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు మీటరు, మీటరుంబావు ఉంటే చాలు. ఫోమ్‌తో చేసింది అయితే విరిగిన చోట గ్లూ గన్, బ్రౌన్ టేపు, రెండు వెదురు పుల్లలతో పది నిమిషాల్లో అతుక్కుంటుంది. రెక్కను స్క్రూలతో బిగించకండి, రబ్బరు బ్యాండ్లతో కట్టండి. నేలకు తగిలినప్పుడు బ్యాండ్లు జారి రెక్క ఊడి పక్కన పడుతుంది, విరగదు. ఒక్కో వైపు కనీసం నాలుగు బ్యాండ్లు, ఎండకు పగిలినవి పారేయాలి.

మోటారు విషయంలో మాత్రం నాకు కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తుంది, వృత్తి దోషం. మా పొలం దగ్గర అందరూ వాడేది 2212 సైజు బ్రష్‌లెస్ మోటారు, 1000 కేవీ. కేవీ అంటే కిలోవోల్టు కాదు. లోడు లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క. మూడు సెల్లుల బ్యాటరీ 11.1 వోల్టులు కాబట్టి సుమారు 11 వేల సార్లు. కాయిల్‌లో చుట్లు పెంచితే కేవీ తగ్గుతుంది, చుట్లు తగ్గిస్తే పెరుగుతుంది. ఆ మోటారుకు మూడు వైర్లు ఉంటాయి. ఉల్టా తిరిగితే ఏం చేయాలని చాలామంది ఫోన్ చేస్తారు. బోరు మోటారు ఉల్టా తిరిగితే ఏం చేస్తాం? మూడు ఫేజుల్లో ఏ రెండైనా మార్చి కడతాం. ఇక్కడా అంతే, ఏ రెండు వైర్లు మార్చినా చాలు. ప్రాపెల్లర్‌ను కూడా చూడండి, సైజు అచ్చు వేసిన వైపు విమానం పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోత వస్తుంది గానీ లాగుడు ఉండదు.

షాపులో, ఇంట్లో ఏ పరీక్ష చేసినా ప్రాపెల్లర్ విప్పి చేయండి. నా ఎడమ చూపుడు వేలి మీద నాలుగు కుట్ల గుర్తు ఉంది. ముందు రిమోట్ ఆన్ చేసి, థ్రాటిల్ (మోటారు వేగం పెంచే, తగ్గించే స్టిక్) పూర్తిగా కిందికి దించి, ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ పెట్టాలి. తీసేటప్పుడు దీనికి ఉల్టా.

ఇక బరువు చూడటం. రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు వరకు కొలవండి. అది 20 సెంటీమీటర్లు ఉంటే, ముందు అంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ల మీద విమానాన్ని నిలపండి. ముక్కు కొద్దిగా వాలినా పర్వాలేదు. తోక వాలితే మాత్రం బ్యాటరీని ముందుకు జరపాలి. తోక బరువున్న విమానాన్ని నేనే ఆపలేను, నేర్చుకునేవాళ్లు ఎట్లా ఆపుతారు?

పొలానికి రాకముందు సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం ఎగరేసే ఆట, తప్పనిసరి. పికాసిమ్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ఫోన్ తెర మీద వేళ్లతో ఆడితే లాభం లేదు, రిమోట్‌నే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఆడాలి. వరసగా పదిసార్లు విరక్కుండా దింపిన రోజు నాకు ఫోన్ చేయమంటాను. రిటైరైన హెడ్‌మాస్టర్ సార్ ఒకాయన మనవడి ల్యాప్‌టాప్ మీద మూడు వారాలు కూర్చున్నారు. మా బామ్మర్ది కొడుకు రెండు రోజుల్లోనే వచ్చి “అయిపోయింది మామా” అన్నాడు. వాడి సంగతి తర్వాత చెప్తాను.

సిమ్యులేటర్ నేర్పినా పొలంలో అందరూ తడబడేది ఒక్క చోట, విమానం మన వైపు తిరిగి వస్తున్నప్పుడు. అప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. దీనికి నేను నేల మీదే కసరత్తు చేయిస్తాను. నేర్చుకునేవాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి చేతికి రిమోట్ ఇస్తాను. మోటారు వైర్లు పీకేసి విమానాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, ఇరవై అడుగుల దూరం నుంచి వాళ్ల మీదికి నడిచి వస్తాను. వస్తూ వస్తూ ఒక రెక్క వాలుస్తాను. అది లేవాలంటే స్టిక్ ఎటు తొయ్యాలి? అక్కడ కుడి ఎడమల లెక్క వేస్తూ కూర్చుంటే ఈలోపు విమానం నేల మీద ఉంటుంది. మా దగ్గర అందరికీ అర్థమయ్యే మాట ఒకటి ఉంది. బత్తాయి కొమ్మ కాయల బరువుకు వాలితే ఊత కర్ర ఎటు పెడతాం? వాలిన వైపే కదా. స్టిక్ కూడా కంటికి ఏ రెక్క వాలి కనిపిస్తే అటే తొయ్యాలి, అది లేస్తుంది. ఈ నడక ఒక పూటలో యాభైసార్లు చేస్తాను. చూసేవాళ్లకు పిచ్చిపనిలా ఉంటుంది. గొర్రెలు కాసే ఒక తాత అయితే “ఏం బిడ్డా, మొక్కా?” అని అడిగాడు.

పొలం, కాలం గురించి. వానాకాలం కోతలయ్యాక, యాసంగి నాట్లు పడే లోపు ఒక సీజను. మళ్లీ యాసంగి కోతలయ్యాక వానలు పడేదాకా ఇంకో సీజను. వరి కొయ్యకాళ్ల మీద విమానం పరుపు మీద పడ్డట్టు పడుతుంది. చక్రాలు మాత్రం కొయ్యల్లో చిక్కుకుంటాయి, అందుకే మేము పీకేసి పొట్ట మీదే దింపుతాం. మహబూబ్‌నగర్ వైపు మిత్రులకు ఎర్ర చెల్కలు ఉన్నాయి, పల్లి పీకాక చదునుగా ఉంటాయి, వాళ్లకు చక్రాలు నడుస్తాయి. ఆషాఢం గాలిలో కొత్తవాళ్లను అసలు పిలవకండి. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది వరకే మంచి టైము. సూర్యుడు వీపు మీద ఉండేలా నిలబడండి. కరెంటు తీగలు ఏ దిక్కున ఉన్నాయో ముందే చూపించి, అటు పోవద్దని గట్టిగా చెప్పండి. మన వెనక్కి, మనుషుల మీదికి విమానం రావద్దు.

చట్టం మాట కూడా అనాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 2 కిలోల లోపు బరువున్నది, వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి, ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే. నాగార్జున సాగర్ వైపు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త, అక్కడి ఎయిర్‌స్ట్రిప్ నుంచి పైలట్ శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. అసలు విమానం మోత వినబడిందా, మనది వెంటనే కిందికి రావాలి.

ఇప్పుడు ఎగరేయడం. నా దగ్గర రెండు ఫ్లైస్కై ఐ6 రిమోట్లు ఉన్నాయి, ట్రైనర్ కేబుల్‌తో కలుపుతాను. నా రిమోట్ మీద స్విచ్ వేస్తే విమానం శిష్యుడి చేతిలో, తీస్తే నా చేతిలో. స్విచ్ వేసే ముందు రెండు రిమోట్లలోనూ థ్రాటిల్, ట్రిమ్ (స్టిక్ వదిలేసినా విమానం సక్కగా పోయేలా సర్దే చిన్న బటన్లు) ఒకే చోట ఉన్నాయో లేదో చూసుకోవాలి. శిష్యుడి థ్రాటిల్ కింద ఉంటే స్విచ్ వేయగానే గాలిలో మోటారు ఆగిపోతుంది. విసిరేది ఎప్పుడూ ఇంకొకరే. గాలికి ఎదురుగా, థ్రాటిల్ ముప్పావు వంతు ఇచ్చాక, సక్కగా ముందుకు విసరాలి, ఆకాశంలోకి కాదు. రాయి విసిరినట్టు పైకి విసిరితే వేగం అందక అక్కడే కూలుతుంది.

నేను ఎక్కించి, మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తుకు తీసుకుపోతాను. ఆ ఎత్తు ఉంటే తప్పు చేసి, దిద్దబోయి ఇంకో తప్పు చేసినా మనకు టైము మిగులుతుంది. థ్రాటిల్ సగానికి తగ్గించి, నేను చేతులు తీసినా సక్కగా పోయేలా ట్రిమ్ చేస్తాను. అప్పుడు రిమోట్ మెడకు వేలాడదీసుకుని రెండు చేతులూ పైకెత్తి చూపిస్తాను. ఈ ఒక్క దృశ్యం చూపించకుండా ఎవరికీ స్టిక్ ఇవ్వొద్దు.

హెడ్‌మాస్టర్ సార్‌కు మొదటిసారి ఇచ్చినప్పుడు ఆయన బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి పట్టుకున్నారు. విమానం కుడికి ఒరిగి చుట్టూ తిరుగుతోంది, ప్రతి చుట్టుకూ ముక్కు ఇంకొంచెం కిందికి. “సార్, వేలు తీయండి” అన్నాను. వినలేదు. “సార్, వదిలేయండి!” ఈసారి తీశారు. విమానం రెండుసార్లు ఊగి, రెక్కలు సమం చేసుకుని, గుట్ట వైపు సక్కగా పోయింది. సార్ నోరు తెరిచి, “నేనేం చేయకున్నా పోతుందేందయ్యా!” అన్నారు. ఆ పూట ఆయనకు ఇంకేమీ నేర్పలేదు.

తర్వాతి వారాల్లో మలుపులు. కొంచెం ఒరగనివ్వు, స్టిక్ వదులు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ కదిపే స్టిక్) వెనక్కి చిటికెడు, మలుపు అయ్యాక ఎదురు వైపు కొట్టి సమం చెయ్. మొదట ఎడమ మలుపులే, తర్వాత కుడివి, తర్వాత ఎనిమిది అంకె. గాలిలో ఉండగా పాఠాలు చెప్పకండి, చెవికి ఎక్కవు. నేను మూడే మాటలు వాడతాను: “వదులు”, “కొంచెం”, “నాకియ్”. మూడోది అంటూనే స్విచ్ తీసేస్తాను. ఎప్పుడు తీయాలన్నది నేర్పేవాడికి అన్నిటికన్నా కష్టం. తొందరపడి లాక్కుంటే శిష్యుడికి తన తప్పు తను దిద్దుకునే ధైర్యం రాదు. ఆలస్యం చేస్తే నాకు ఆదివారం సాయంత్రం గ్లూ గన్ పని.

ఆలస్యం చేసిన రోజే మా బామ్మర్ది కొడుకు, అదే మా అల్లుడి కథ. విమానం మెల్లబడింది, ముక్కు వాలింది. వాడు పైకి పోవాలని స్టిక్ వెనక్కి గుంజాడు, అది ఇంకా వాలింది, ఇంకా గుంజాడు. “గుంజకు రా!” అనేలోపు పొలం గట్టు మీది తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కుంది. అదృష్టం, కల్లు గీసే అన్న పక్క చెట్టు మీదే ఉన్నాడు. మోకు వేసుకుని ఎక్కి, విమానాన్ని నడుముకు కట్టుకుని దిగి, “గీ పిట్ట కల్లు తాగొచ్చిందా తమ్మీ?” అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. అల్లుడు మాత్రం ఇప్పటికీ ఆయనకు కనబడకుండా తిరుగుతాడు.

దీనికి మందు, ఎత్తులో ఉన్నప్పుడు కావాలనే పడేయడం. థ్రాటిల్ తీసి, ఎలివేటర్ మెల్లగా వెనక్కి గుంజుతూ పోతే వేగం చచ్చి ముక్కు దబుక్కున వాలుతుంది. అప్పుడు స్టిక్ వదలాలి. వేగం అందుకోగానే థ్రాటిల్ ఇచ్చి నిదానంగా పైకి. ఇది ఒక్కొక్కరితో పదేసి సార్లు చేయిస్తాను. అల్లుడితో ముప్పై.

దింపడం గురించి మనుషులు అనవసరంగా టెన్షన్ పడతారు. దీర్ఘ చతురస్రం గీసినట్టు తిప్పుకొచ్చి, చివరి గీత గాలికి ఎదురుగా రావాలి. ఎత్తు తగ్గించేది థ్రాటిల్‌తో, ముక్కు పొడిచి కాదు. మోకాలి ఎత్తుకు వచ్చాక థ్రాటిల్ పూర్తిగా మూసి, ఎలివేటర్ రవ్వంత వెనక్కి, అంతే. మన కాళ్ల దగ్గరే దింపాలని చూడొద్దు, ఎక్కడ దిగితే అక్కడికి నడుద్దాం. ఏమాత్రం తేడా అనిపించినా థ్రాటిల్ ఇచ్చి ఇంకో చుట్టు తిరగాలి. అందుకే 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి ఆరు నిమిషాలకే టైమర్ పెడతాను. మూడుసార్లు తప్పినా తిరిగి రావడానికి చార్జి ఉంటుంది.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, లైపోలతో, అంటే ఈ లిథియం పాలిమర్ బ్యాటరీలతో, ఆటలొద్దు. 2200కు 2.2 ఆంపియర్లు, బ్యాలెన్స్ చార్జింగ్, పక్కన మనిషి. సెల్ 3.5 వోల్టుల కిందికి పోనీయొద్దు, వారమంతా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. మన మే నెల ఎండల్లో బండి డిక్కీలో అసలు పెట్టొద్దు. ఉబ్బినదాన్ని “ఈ ఒక్కసారే” అని నేను చార్జింగ్ పెట్టాను, షాపు ముందు మెట్టు ఇప్పటికీ నల్లగానే ఉంది.

చివరిది, కేబుల్ పీకడం. ఇది ముందుగా చెప్పకూడదు, చెబితే రాత్రి నిద్రపోరు. వరసగా మూడు ఆదివారాలు నేను స్విచ్ ముట్టుకోలేదంటే, నాలుగో ఆదివారం విమానాన్ని శిష్యుడి రిమోట్‌కే కలిపి, గాలి తక్కువ ఉన్నప్పుడు చేతిలో పెడతాను. మా అల్లుడికి అట్లా ఇచ్చిన రోజు, వాడు మూడు చుట్లు తిప్పి, మొదటిసారి ఎత్తు ఎక్కువైందని తనే మళ్లీ తిరిగి, రెండోసారి కొయ్యకాళ్లలో దింపాడు. దింపిన సంబరంలో రిమోట్ చేత్తో పట్టుకునే విమానం వైపు ఉరికాడు. నేను వెనక నుంచి అరుస్తూనే ఉన్నా: “థ్రాటిల్ చూస్కో! ముందు బ్యాటరీ పీకు రా, ముందు బ్యాటరీ!”