దత్తత తెచ్చుకున్న పాపను నెల్లూరు బంధువులకు పరిచయం చేసే పద్ధతి

విదేశంలో స్థిరపడిన తెలుగు దంపతులు భారతదేశంలో బిడ్డను దత్తత తీసుకున్నప్పుడు, జిల్లా కలెక్టరు దత్తత ఉత్తర్వు ఇచ్చిన రోజుకూ బిడ్డతో విమానం ఎక్కే రోజుకూ నడుమ కొంత కాలం మిగులుతుంది. పాస్‌పోర్టు, దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం ప్రకారం కారా (దత్తతలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ధ్రువపత్రం, వీసా చేతికి రావలసిన ఆ రోజుల్లోనే జేజి, తాత, మేనత్తలు, చిన్నాయనలు అందరూ పాపను చూడాలని తహతహలాడుతూ ఉంటారు. అమెరికాలో ఉంటున్న మేము నాలుగేళ్ళ మా పాపను పుణే నుంచి నెల్లూరుకు తీసుకువచ్చి పద్దెనిమిది రోజులు ఉన్నాము. అప్పుడు సరిగ్గా చేసిన పనులనూ, తప్పు చేసి దిద్దుకున్నవాటినీ గుర్తుచేసుకుని, ఇదే దారిలో ఉన్న దంపతులకు ఉపయోగపడాలని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ప్రయాణానికి చాలా రోజుల ముందే, పెద్దలతో తీరికగా మాట్లాడాలి. పాపకు కొత్తవాళ్ళు అలవాటు కావడానికి సమయం పడుతుందని నేను మొదట చెప్పినప్పుడు మా అత్తగారు నొచ్చుకుని, “మేమేమన్నా పరాయివాళ్ళమా అమ్మా?” అన్నారు. రెండు రోజులు ఆలోచించి, “అత్తయ్యా, నాకు ఇది పురుడనుకోండి” అన్నాను. ఆ మాటతో ఆమెకు అంతా అర్థమైంది. బాలింత గదిలోకి ఎవరూ తోసుకురారని, చూడవచ్చినవాళ్ళు గడప దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వెళతారని, తల్లి ఒడిలోని బిడ్డను అడగకుండా అందుకోరని, పురుడు వెళ్ళేదాకా ఇంట్లో సందడి పెట్టుకోరని ఆమెకు నేను నేర్పవలసిన పని లేదు. అప్పటి నుంచి ఇంటికి ఫోను చేసిన ప్రతి బంధువుకూ ఆమే ఆ మాట చెప్పారు. నేను చెబితే పొగరుగా వినిపించే మాట ఆమె నోట మర్యాదగా వినిపించింది. మీ ఇంట్లో కూడా అందరూ గౌరవించే ఒక పెద్దావిడను ఎంచుకుని ఈ బాధ్యత ఆమెకు అప్పగించండి.

శిశు సంరక్షణ సంస్థ నుంచి బిడ్డను తీసుకునే రోజున కాగితాల తొందరలో పడి ఆయాలతో మాట్లాడటం మరచిపోవద్దు. బిడ్డ ఎవరి చేతి అన్నం తింటుందో, నిద్రలో దేనికి ఉలిక్కిపడుతుందో, పక్క మంచం మీద పడుకునే స్నేహితురాలి పేరేమిటో ఏ ఫైలులోనూ ఉండదు. ఆమె వాడిన దుప్పటి ఇస్తే ఉతకకుండా తెచ్చుకోండి, ఎందుకంటే కొత్త ఇంట్లో ఆమెకు తెలిసిన వాసన అదొక్కటే. నెల్లూరు ఇంటి గేటు, అరుగు, జేజి, తాత, ఇంట్లోని పిల్లల ఫొటోలతో చిన్న ఆల్బమ్ ముందే తయారుచేసి రోజూ చూపిస్తే, దిగిన రోజున కనీసం రెండు ముఖాలైనా ఆమెకు చూసిన ముఖాలవుతాయి.

భాష విషయంలో మేము చేసిన పొరపాటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మరాఠీలో ‘నకో’ అంటే ‘వద్దు’ అని అర్థం. మొదటి పూట భోజనంలో పాప “నకో, నకో” అంటుంటే అది “నాకు, నాకు” అని వినిపించి, మా పెద్ద ఆడబిడ్డ మురిసిపోతూ ముద్ద మీద ముద్ద పెడుతూనే ఉంది. నేను వంటింటిలో నుంచి వచ్చేసరికి పాప బుగ్గ నిండా అన్నం ఉంచుకుని మింగలేక కన్నీళ్ళు పెట్టుకుని ఉంది. వద్దన్నా ఎవరూ వినని చోటుకు వచ్చానని ఆ బిడ్డ అనుకుని ఉంటే అందులో ఆమె తప్పేమీ లేదు. మరునాడే నకో అంటే వద్దు, పాణీ అంటే నీళ్ళు, భూక్ అంటే ఆకలి, ఝోప్ అంటే నిద్ర, శూ అంటే ఒంటికి, ఆయీ అంటే అమ్మ అని తెలుగు అక్షరాలతో పెద్దగా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాము. మీ బిడ్డది ఒడియా కావచ్చు, కన్నడం కావచ్చు. ఇంత చిన్న జాబితా ఇంటిల్లిపాదికీ రాకముందు బిడ్డను భోజనాల బల్ల దగ్గర అందరి మధ్య కూర్చోబెట్టవద్దు.

రైల్వే స్టేషనుకు ఒక్కరు వస్తే చాలు. గడప దగ్గర ఎర్రనీళ్ళ హారతి మానమని చెప్పనవసరం లేదు, కానీ బిడ్డను తండ్రి ఎత్తుకుని ఉండగా ముగ్గురికీ కలిపి తీయాలి. ఎండుమిర్చి పొగతో దిష్టి తీయడం మాత్రం తరువాతకు వాయిదా వేయాలి. మొదటి మూడు రోజులు జేజి, తాత మాత్రమే కనిపిస్తే మేలు. నాలుగో రోజు నుంచి పిల్లలున్న ఒక కుటుంబాన్ని పిలవండి. పెద్దలు మాటలతో దగ్గర కావాలని చూస్తారు గాని, పిల్లలకు భాషతో పని లేదు. మా పాప మొదటిసారి గట్టిగా నవ్వింది, ఒక తెల్లవారుజామున మైపాడు సముద్రపు ఒడ్డున, చిన్నాయన కొడుకుతో కలిసి తడి ఇసుకలో గుంట తవ్వుతున్నప్పుడు. ఎవరు వచ్చినా అరగంట దాటనివ్వవద్దు. పాపకు, మీకు వేరే గది ఉండాలి, ఆ గది తలుపు మూసి ఉంటే ఎవరూ తట్టకూడదు.

అన్నం పెట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం ఈ మూడూ కొంతకాలం తల్లిదండ్రులే చేయాలి. సంస్థలో అనేకమంది చేతుల మీదుగా పెరిగిన బిడ్డకు, తన ఆకలి తీర్చేది ఈ ఇద్దరేనని రోజుకు పదిసార్లు రుజువైతే గాని నమ్మకం కుదరదు. గోరుముద్దలు పెట్టాలని ఎదురుచూసిన జేజికి ఇది కష్టం కాబట్టి, ఆమెకు మరొక చోటు చూపించాలి. మా అత్తగారు రోజూ సాయంత్రం ఒకే వేళకు అరుగు మీద కూర్చుని మల్లెపూలు కట్టేవారు. పాపను పిలిచేవారు కాదు. ఐదో రోజున పాప తనంతట తానే వెళ్ళి పక్కన కూర్చుని ఒక్కొక్క పువ్వూ అందించడం మొదలుపెట్టింది. ఇక తిండి సంగతికి వస్తే, నెల్లూరు చేపల పులుసు కారం నాలుగేళ్ళ బిడ్డకు వద్దు. పప్పన్నం, పెరుగన్నం చాలు. దిండు కింద ఇడ్లీ ముక్క కనిపిస్తే ఎవరూ నవ్వకూడదు, మందలించకూడదు. మంచం పక్కన మూత ఉన్న డబ్బాలో బిస్కట్లు ఉంచి, అవి ఎప్పుడూ ఉంటాయని చూపించండి.

మన ఇళ్ళలో పిల్లలతో ఆడే వేళాకోళం ఒకటి ఉంది. “మీ అమ్మ నిన్ను వదిలేసి వెళ్ళిపోయింది, ఇక మా ఇంట్లోనే ఉండు”, “నిన్ను మేం తీసుకుపోతాం, వస్తావా?” అని మామలు, చిన్నాయనలు అంటారు, కన్న ఇంట్లో పెరిగిన పిల్లలు కాసేపు బిక్కమొహం వేసి తరువాత నవ్వేస్తారు. ఈ బిడ్డ విషయంలో ఆ మాట ఒకసారి నిజంగానే జరిగింది. కాబట్టి ఆ వేళాకోళాన్ని ఎవరూ, ఎంత ప్రేమతోనైనా ఆడకూడదని ముందే స్పష్టంగా చెప్పండి, ఎవరైనా మరచిపోయి అంటే అక్కడికక్కడే బిడ్డను ఎత్తుకుని “అమ్మ ఎక్కడికీ వెళ్ళదు” అని చెప్పండి. అలాగే “అనాథను తెచ్చి పుణ్యం కట్టుకున్నారు”, “నీ అదృష్టం పండిందే తల్లీ” అనే మాటలు కూడా ఆమె చెవిన పడకూడదు. బిడ్డ మీకు రుణపడి పెరగకూడదు.

ఎవరి పిల్ల, ఏ కులం, ఎందుకు వదిలేశారు అని అడుగుతారు. దత్తత అనే సంగతి దాచవద్దు, అది బిడ్డకు కూడా చిన్ననాటి నుంచే తెలియాలి. అంతకుమించిన వివరాలు మాత్రం ఆమె సొంతం. “అది పాప కథ, పెద్దయ్యాక తను చెప్పదలచుకుంటే చెబుతుంది” అని ఒకే జవాబు అందరికీ ఇవ్వండి. ఆస్తి గురించి గుసగుసలు వస్తే 2015 బాలల న్యాయ చట్టం 63వ సెక్షన్ చెప్పండి: ఉత్తర్వు అమలులోకి వచ్చిన రోజు నుంచి వారసత్వంతో సహా అన్ని విషయాలలోనూ ఆమె మీ బిడ్డే. ఫొటోలను వాట్సాప్ గ్రూపులలో పెట్టవద్దని కూడా పేరుపేరునా చెప్పాలి. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును బయటపెట్టడాన్ని అదే చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది, అందుకు ఆరు నెలల దాకా జైలు గాని, 2 లక్షల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని ఉండవచ్చు. ఉత్తర్వు వచ్చాక కూడా ఈ జాగ్రత్త కొనసాగించడం మంచిదని నా అభిప్రాయం.

మొక్కులు, వేడుకల విషయంలో బంధువుల తొందరకు లొంగవద్దు. తిరుమల దగ్గరే కదా, తలనీలాలు ఇప్పించేద్దామని మా ఇంట్లో అన్నారు. తెలియని చోట, తెలియని చేయి తన జుట్టు తీసేస్తే ఆ బిడ్డకు ఎలా ఉంటుందో ఆలోచించి మేము ఒప్పుకోలేదు. గుడిలో అర్చనకు గోత్రం అడిగినప్పుడు తడుముకోకుండా మీ గోత్రమే చెప్పండి. మా అత్తగారు కొన్నేళ్ళ కిందట స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో మా కోసం సంతాన రొట్టె పట్టుకున్నారు. కోరిక తీరినవారు వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వడం అక్కడి ఆచారం. పాపతో కలిసి వెళ్ళి ఇవ్వాలని ఆమె ఆశ. మొహర్రం నాటికి మేము నెల్లూరులో ఉండమని, ఉన్నా ఆ జనంలోకి పాపను పంపలేమని చెప్పాము. ఆమె ఒక్కరే వెళ్ళి, రొట్టె అందుకున్న అమ్మాయితో “నాకు మనవరాలు వచ్చింది” అని చెప్పారట.

తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందే పాపకు ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టండి, లేకపోతే మిమ్మల్ని వదిలి తను అక్కడే ఉండిపోవలసి వస్తుందేమోనని భయపడుతుంది. మూడు పెట్టెలు, మూడు టిక్కెట్లు చేతికిచ్చి అమ్మది, నాన్నది, నీది అని లెక్కపెట్టించండి. నిద్రలో ఉండగా తీసుకుపోకుండా, మెలకువలోనే జేజికి, తాతకు వెళ్ళొస్తామని చెప్పించండి. జేజి పాత నూలు చీర ముక్క ఒకటి పెట్టెలో పెట్టుకోండి. ఇల్లు చేరాక వారానికి ఒక వేళ నిర్ణయించి వీడియో కాల్ చేయండి, కానీ పాపను మాట్లాడమని ఒత్తిడి చేయవద్దు. మా అత్తగారు ఫోనును గోడకు ఆనించి, అదే అరుగు మీద కూర్చుని పూలు కట్టుకుంటూ ఉంటారు. పాప ఇటు తన బొమ్మలతో ఆడుకుంటూ మధ్యమధ్యలో తల ఎత్తి చూస్తుంది.