పుట్టుకతో వచ్చిందా, దెబ్బతో వచ్చిందా? బిడ్డ మెదడు రిపోర్టు చేతికొచ్చినప్పుడు చూడాల్సినవి

నేను దేవరకొండ దిక్కు ఒక మండలంలో, భవిత కేంద్రంలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నా. డాక్టరును కాను, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచరును. అయినా హైదరాబాద్ దవాఖాన నుంచి వచ్చిన తల్లిదండ్రులు బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా ఫైలు పట్టుకొని మా దగ్గరికే వస్తారు. "పెద్ద సారు ఏదో చెప్పిండు మేడం, మాకు సమజ్ కాలే. జర సూడుండ్రి" అంటారు. అట్ల చూడగా చూడగా ఆ కాగితాల్లో ముందు దేనికోసం వెతకాలో నాకు తెలిసొచ్చింది.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఈ మెదడు కడుపులో తయారయ్యేటప్పుడే వేరే తీరుగా తయారైందా? లేక బాగానే తయారై, తర్వాత దెబ్బ తిన్నదా? మొదటిది నిర్మాణ లోపం, రెండోది తల గాయం. మా కేంద్రంలో ఒకే చాప మీద రెండు రకాల పిల్లలూ కూర్చుంటారు. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకటే: నడక సరిగా లేదు, మాట రాదు, ఫిట్స్ వస్తాయి. కానీ ఏం ఆశించాలి, ఏ వైద్యం చేయించాలి, రెండో కాన్పుకు ముందు ఏం జాగ్రత్త పడాలి, ఏ కాగితాలు దాచాలి అన్నవన్నీ ఆ ఒక్క తేడా మీదే ఉంటాయి. ఇంట్లో నింద ఎవరి మీద పడుతుందన్నది కూడా.

నింద సంగతి ముందు చెబుతా. ఒక పాప, అప్పటికి మూడేళ్లు నిండలేదు. తండ్రి వస్తూనే, "మా అమ్మ నులక మంచం మీదికెళ్లి కింద పడేసింది మేడం, అప్పటిసంది గిట్లయింది" అన్నాడు. పడినప్పుడు పాపకు ఎనిమిది నెలలు. ఆ నాయనమ్మ కూడా వాళ్లతోనే వచ్చేది, కానీ లోపలికి రాదు. బోరింగు దగ్గర చెప్పులు పక్కన పెట్టుకొని కూర్చునేది. పాపను ఎత్తుకోనియ్యడం మానేసి రెండేళ్లయింది. నేనూ రిజిస్టర్లో "కారణం: కింద పడటం" అని వాళ్లు చెప్పిందే రాసేశాను. అది నా తప్పు. ఎమ్మారై కాగితం నాలుగు నెలల తర్వాత తెచ్చి ఇస్తే చదివాను. అందులో "అజెనిసిస్ ఆఫ్ కార్పస్ కలోసమ్" అని ఉంది. అంటే మెదడు కుడి, ఎడమ సగాలను కలిపే నరాల వంతెన అసలు ఏర్పడలేదు. ఆ వంతెన తల్లి కడుపులో సుమారు మూడో నెల నుంచి ఐదో నెల మధ్య అల్లుకుంటుంది. మంచం మీది నుంచి పడితే మాయమయ్యేది కాదు.

తల్లిని ఒకటే అడిగాను: "పడకముందు పాప మెడ నిలిపిందా?" ఆమె చాలాసేపు ఆలోచించి, "లేదు మేడం, అప్పటికింకా నిలపలే" అంది. మెడ మూడు నాలుగు నెలలకు నిలవాలి. ఎనిమిదో నెలకూ నిలవలేదంటే ఆలస్యం ఆ పడటానికి ముందే మొదలైంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ పడిన రోజు మిగతా రోజులన్నిటినీ కప్పేసింది. నాయనమ్మను లోపలికి పిలిచి చెప్పాను. ఆమెకు చదువు రాదు. కాగితం చేతికి తీసుకొని, "ఆ మాట యాడుందో సూపియ్యి బిడ్డా" అంది. చూపించాను. దాని మీద బొటనవేలు పెట్టి, అట్లనే పట్టుకొని కూర్చుంది. రిజిస్టర్లో నా రాత కొట్టేసి, తేదీ వేసి, మళ్లీ రాశాను.

అందుకే మొదటి పని కాగితం చదవడం కాదు, అడగడం. "ఎప్పుడూ రాలేదా? లేక వచ్చింది పోయిందా?" నిర్మాణ లోపం ఉన్న బిడ్డలో చాలావరకు పనులు ఆలస్యంగా వస్తాయి, కొన్ని రానే రావు. తల గాయమైన బిడ్డ నిన్నటిదాకా చేసిన పని ఇవాళ చేయలేడు. అయితే "ఏ నెలల కూర్చుంది?" అంటే తల్లులకు గుర్తుండదు. "బతుకమ్మకు ఎట్లుండె? సంక్రాంతికి కూర్చుందా? పత్తి ఏరేటప్పుడు చేన్ల ఏడ పండుకోబెట్టినవ్?" అని అడిగితే తేదీలు వాటంతటవే బయటికొస్తాయి. ఫోన్లో ఉన్న పాత వీడియోలు ఇంకా నయం, వాటి మీద తేదీ ఉంటుంది. మేనమామ పెళ్లి వీడియోలో బిడ్డ తల వాలిపోయి కనిపిస్తే, అది ఎవరి మాట కన్నా గట్టి సాక్ష్యం.

ఇక్కడ రెండు హెచ్చరికలు. తేలికపాటి నిర్మాణ లోపం కొందరిలో బడికి పోయేదాకా, లేదా మొదటిసారి ఫిట్స్ వచ్చేదాకా బయటపడదు. ఇక ఏ దెబ్బా తగలకుండానే వచ్చిన పనులు ఒక్కొక్కటిగా పోతున్నాయంటే అది ఈ రెండింటిలో ఏదీ కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా పిల్లల న్యూరాలజిస్టుకు చూపించాలి.

ఇప్పుడు కాగితం. రిపోర్టు చివర "ఇంప్రెషన్" అని ఉంటుంది, నేరుగా అక్కడికి పోండి. అజెనిసిస్ అంటే ఏర్పడలేదని. హైపోప్లేసియా అంటే ఏర్పడింది గానీ చిన్నగా మిగిలిందని. డిస్‌ప్లేసియా అంటే అల్లిక కుదరలేదని. హెటెరోటోపియా అంటే కణాలు చేరాల్సిన చోటికి చేరక దారిలోనే ఆగిపోయాయని. లిసెన్‌సెఫలి అంటే మెదడు మీద ఉండాల్సిన మడతలు రాక నున్నగా ఉందని, పాలీమైక్రోగైరియా అంటే మడతలు మరీ ఎక్కువై చిన్నచిన్నగా ఉన్నాయని. ఇవన్నీ కడుపులో జరిగినవే.

దెబ్బకు సంబంధించిన మాటలు వేరు. ఫ్రాక్చర్ పుర్రె చిట్లడం, హెమటోమా నెత్తురు గడ్డ, కంట్యూజన్ మెదడు కమిలిపోవడం, ఎడిమా వాపు. మిడ్‌లైన్ షిఫ్ట్ అంటే లోపలి ఒత్తిడికి మెదడు నడిమి గీత పక్కకు జరిగింది, అది చాలా సీరియస్. గ్లయోసిస్, ఎన్‌సెఫలోమలేసియా అన్న మాటలుంటే అవి పాత గాయం మిగిల్చిన మచ్చలు. కానీ వాటిని చూడగానే తలకు దెబ్బే తగిలిందనుకోవద్దు. పుట్టగానే ఏడవక ఊపిరందని బిడ్డల్లో, మెదడువాపు జ్వరం వచ్చిన పిల్లల్లో కూడా అవి కనిపిస్తాయి. అది మూడో రకం: మెదడు బాగానే తయారైంది, దెబ్బ తగల్లేదు, అయినా లోపల గాయమైంది. వైకల్య సర్టిఫికెట్లో (సదరం కాగితంలో) "సెరిబ్రల్ పాల్సీ" అని ఉంటే అది కారణం పేరు కాదు, కనిపించే స్థితి పేరు. దాని వెనక ఈ మూడింటిలో ఏదైనా ఉండొచ్చు, డాక్టరును అడిగి తెలుసుకోండి.

కొన్ని మాటలు రెండు వైపులా ఉంటాయి. హైడ్రోసెఫలస్, అంటే మెదడులో నీరు చేరడం, పుట్టుకతో దారి సన్నగా ఉండటం వల్ల రావచ్చు, తర్వాత నెత్తురు కారడం వల్లా రావచ్చు. అరాక్నాయిడ్ సిస్ట్ అనే నీటి బుడగ సాధారణంగా పుట్టుకతోనే ఉంటుంది. బిడ్డ పడ్డాడని స్కాన్ తీస్తే ఆ రోజు కనబడుతుంది. కనబడిన రోజునే వచ్చిందనుకొని ఎంతమంది గొడవలు పడ్డారో నాకు తెలుసు.

దెబ్బ తగలగానే సీటీ ఎందుకు తీస్తారంటే అది నిమిషాల్లో అయిపోతుంది, ఎముక, కొత్త నెత్తురు బాగా కనబడతాయి. అల్లికలోని లోపం చూడాలంటే ఎమ్మారై కావాలి. రెండేళ్లలోపు పిల్లల్లో మెదడు ఇంకా పక్వానికి వస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కోసారి రెండేళ్లు దాటాక మళ్లీ ఎమ్మారై తీయమంటారు. డబ్బు గుంజడానికని మానేయకండి.

సీటీ నార్మల్ అని వచ్చి మోసపోయిన ఒక పిల్లగాడి సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్లప్పుడు పత్తి బోరాల మీద కూర్చొని ట్రాక్టర్ మీంచి పడ్డాడు. మూడు రోజులు దవాఖానలో పెట్టి పంపించారు. ఐదు నెలల తర్వాత తల్లి తీసుకొచ్చి, "పొగరెక్కిండు మేడం, చెప్పిన మాట ఇనడు, బడికి పోనంటడు" అంది. నేను పాత నోటుబుక్కులు తెమ్మన్నాను. పడకముందు బుక్కులో అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి, లెక్కల కింద సారు ఎర్ర పెన్నుతో పెట్టిన టిక్కులున్నాయి. తర్వాతి బుక్కులో గీత దాటి పైకెక్కుతున్న అక్షరాలు, సగంలో వదిలేసిన మాటలు. ఒక పేజీలో అదే లెక్క మూడుసార్లు రాశాడు, రాసినట్టు గుర్తులేక. అది పొగరు కాదు. సీటీ నార్మల్ అంటే వెంటనే ఆపరేషన్ చేయాల్సిన నెత్తురు గడ్డ లేదని అర్థం. తల ఒక్క కుదుపుతో ఊగినప్పుడు లోపలి సన్నటి నరాల పోగులు సాగి తెగితే అది సీటీలో చాలాసార్లు కనబడదు. నుదుటి వెనక భాగం దెబ్బతింటే కోపం, మతిమరుపు, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం వస్తాయి. పిల్లల్లో ఇంకో చిక్కుంది: మూడో తరగతిలో బయటపడని లోటు, చదువు బరువు పెరిగి ఏడో తరగతిలో బయటపడొచ్చు. కాబట్టి తలకు దెబ్బ తగిలిన పిల్లల పాత నోటుబుక్కులు పాత కాగితాల వాళ్లకు అమ్మేయకండి. డాక్టరుకు చూపించండి, బడిలో సారుకు కూడా చూపించండి. మొదట కొన్నాళ్లు సగం పూట బడి, ముందు బెంచీ, ఒకసారి ఒకే పని. డాక్టరు సరే అనేదాకా మళ్లీ తలకు తగిలే ఆటలు వద్దు.

కొత్తగా దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఈ చదవడాలు, అడగడాలు ఏవీ వద్దు. మళ్లీ మళ్లీ కక్కడం, మగతగా ఉండటం, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లు, నెత్తురు కారడం, ఫిట్స్, ఒక చెయ్యి కాలు పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయాలి. లేచి కూర్చొని చాయ్ తాగాడు కదా అని ఊరుకోవద్దు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య నెత్తురు చేరేటప్పుడు కొందరు కొన్ని గంటలు మామూలుగా మాట్లాడి, తర్వాత కుప్పకూలుతారు. నోట్లో నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాల గుత్తి పెట్టొద్దు.

ఇక ఏం ఆశించాలి? దెబ్బ తగిలిన బిడ్డ కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత కూడా మెల్లగా సాగుతుంది. అందుకే ఫిజియోథెరపీ తొందరగా మొదలవ్వాలి. నిర్మాణ లోపం ఉన్న బిడ్డ విషయంలో "ఎప్పుడు మామూలైతది?" అని నన్నడిగితే నేను అబద్ధం చెప్పను. ఏర్పడని వంతెనను ఏ వ్యాయామం కట్టదు. కానీ ఆ లోపం పుండులా పెరిగేది కాదు. ఉన్న మెదడుతోనే ఆ బిడ్డ కొత్త దారులు వేసుకుంటుంది, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. వెనక్కి లాగేది ఫిట్స్, కాబట్టి మందు ఒక్క పూట కూడా తప్పొద్దు. సరైన మోతాదులో రెండు రకాల మందులు వాడినా ఆగకపోతే, డిస్‌ప్లేసియా ఒకచోటే ఉన్నవాళ్లలో కొందరికి ఆపరేషన్ పనికొస్తుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

పసిబిడ్డల్లో లోపం తొందరగా పట్టుకోవడానికి టైలరు టేపు చాలు. కనుబొమల పై నుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవాలి. పుట్టినప్పుడు 33 నుంచి 35 సెంటీమీటర్లు, ఏడాదికి సుమారు 45, 46 ఉంటుంది. తల్లీబిడ్డల కార్డులో ఆ కొలత రాయమని ఆశమ్మను అడగండి. ఒక్క కొలత కన్నా వరుస ముఖ్యం: అకస్మాత్తుగా పెరిగిపోతున్నా, పెరగకుండా ఆగిపోయినా జిల్లా దవాఖానలో బాలల సత్వర చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లాలి.

ఇంట్లో మళ్లీ కాన్పు ఉంటే నిర్మాణ లోపం కుటుంబం చేయాల్సిన పనులున్నాయి, తల గాయం కుటుంబానికి ఆ భయం అక్కర్లేదు. మెదడు, వెన్ను తయారయ్యే గొట్టం గర్భం పడిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది, చాలామందికి నెల తప్పిందని తెలిసే లోపే. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి. ఆ గొట్టం సరిగా మూసుకోని బిడ్డ ముందు పుట్టి ఉంటే మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరే చెప్పాలి. కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య చేయించాలి. మేనరికమైతే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి, జన్యు పరీక్ష అవసరమో లేదో వాళ్లు చూస్తారు. గ్రహణం రోజు కూరగాయలు కోసినందుకు ఏ బిడ్డ మెదడూ మారదు. మా మర్రిగూడ దిక్కు వాళ్లు అన్నిటికీ ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు. ఆ బాధ నిజమే, కానీ అది ముఖ్యంగా పళ్లను, ఎముకలను పట్టుకుంటుంది. కాలి ఎముక వంగడం వేరు, మెదడు నుంచి వచ్చే బిగుసుకుపోవడం వేరు. రెండూ డాక్టరుకు విడివిడిగా చూపించాలి.

కాగితాల విషయంలో దెబ్బ కేసుకు ఎమ్మెల్సీ నంబరు (దవాఖానలో పోలీసు కేసుగా రాసుకున్న నంబరు), ఎఫ్ఐఆర్ కాపీ, మొదటి సీటీ ఫిల్ము, డిశ్చార్జి కాగితం, బిల్లులు ఉండాలి. రోడ్డు ప్రమాదమైతే నష్టపరిహారం కేసు ఆలస్యం చేయకుండా వేయాలి. నిర్మాణ లోపానికి గర్భంలోని స్కాన్లు, పుట్టినప్పటి బరువు, ఏడ్చిందా లేదా, తల కొలతలు. వైకల్య సర్టిఫికెట్ రెండింటికీ ఒకటే, 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పింఛను కోసం అర్జీ పెట్టుకోవచ్చు. అందులో లెక్క వైకల్యానిదే, కారణానిది కాదు. అక్కడ పని కావాలని లేని దెబ్బ కథ చెప్పకండి, ఆ కథ ఫైల్లోకెక్కి వైద్యాన్ని దారి తప్పిస్తుంది.

ఫిల్ములు రేకుల ఇంట్లో ఎండ తగిలేచోట పెడితే ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ పాప నాయనమ్మ ఇప్పుడు పాత చీరతో కుట్టిన సంచిలో, ఫిల్ము ఫిల్ముకూ మధ్య కాగితం పెట్టి, ఫైలంతా తానే మోసుకొస్తుంది. మీరూ అట్లనే దాచి, ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫైలు మొదటి పేజీలో తెలుగులోనే తేదీ వేసి, ఆ రోజుకు బిడ్డ ఏం చేయగలుగుతుందో రెండు మాటలు రాయండి. మూడు నెలలకోసారి దాని కిందనే మళ్లీ రాయండి.