ఆర్నెల్లు ఆగిన బండికి కిక్ చివరి పని

ఇంట్లోవాళ్లు పనికి బెంగళూరు వెళ్లిపోతే అనంతపురంలోనో కదిరిలోనో వాకిట్లో బండి నెలల తరబడి అలాగే నిలబడి ఉంటుంది. పండక్కి వచ్చినరోజు దుమ్ము దులిపి కిక్ మీద కిక్ కొడతారు. బండి పాడయ్యేది అప్పుడే. ఆగిన ఇంజిన్లో ఆయిలంతా కిందికి దిగిపోయి సిలిండర్ గోడ పొడిగా ఉంటుంది. ఆ పొడి మీద పిస్టన్ రింగులు రాసుకుంటే గీతలు పడతాయి. అందుకే కిక్ చివరికి పెట్టుకోండి.

ముందు ఎలుకల సంగతి చూడండి. శెనక్కాయ మూటలున్న గదిలోనే బండి పెట్టి ఉంటే తప్పకుండా చూడాలి. సీటు, సైడ్ ప్యానెళ్లు తీసి కొరికిన వైర్లున్నాయేమో వెతకండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు ఉంటే తీసేయండి. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, మార్చాల్సిందే. సైలెన్సర్ మూతిలో కందిరీగలు మట్టి పెట్టాయేమో కూడా చూడండి.

ఎక్కువ బండ్లు మొరాయించేది పెట్రోలు దగ్గరే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. మన ఎండలకు పెట్రోల్లోని తేలిక భాగం ఆవిరైపోయి, మిగిలింది జిగురవుతుంది. ట్యాంకు మూత తీసి వాసన చూడండి. ఘాటు పోయి వార్నిష్ వాసన వస్తుంటే, బండిని ఆరుబయటికి తెచ్చి, పైపు ఊడదీసి మొత్తం క్యాన్లోకి వంపేయండి. చుట్టుపక్కల అగ్గిపుల్ల, బీడీ ఉండకూడదు. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న బండయితే దాని కింది కప్పుకున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అందులోదీ దించాలి. జెట్లు, అంటే అందులో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు, మూసుకుపోతే కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టించండి. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు పంపుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఉంటుంది. కొత్త పెట్రోలు రెండు లీటర్లయినా పోశాకే తాళం తిప్పండి. రెండు మూడు సెకన్లు పంపు గుయ్యిమనాలి. శబ్దం రాకపోతే ముందు ఫ్యూజు చూడండి.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో టీస్పూను ఇంజిన్ ఆయిలు, అంటే 5 ఎంఎల్, పోయండి. తాళం ఆఫ్ చేసి పదిసార్లు మెల్లగా కిక్ తొక్కితే ఆయిలు గోడంతా పాకుతుంది. కిక్ కదలకపోతే పిస్టన్ పట్టేసినట్టే. ఎక్కి నిలబడి తొక్కకండి, ఆయిలు పోసి రాత్రంతా వదిలేయండి. ప్లగ్‌ను మొదట చేత్తోనే మరలోకి ఎక్కించి, తర్వాతే పానా వేయండి. అడ్డంగా ఎక్కితే అల్యూమినియం మర చెడిపోతుంది.

బ్యాటరీ 12.4 వోల్టుల పైన ఉంటే బాగున్నట్టు. అంతకంటే తగ్గితే ఛార్జింగ్ పెట్టాలి, అదీ నెమ్మదిగా: 5 ఏహెచ్ బ్యాటరీకి అర ఆంపియర్ చాలు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. తెల్లగా పూసిన టెర్మినళ్లను వంటసోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి ఆరబెట్టండి.

డిప్‌స్టిక్ (ఆయిలు కొలిచే పుల్ల) మీద ఆయిలు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టు. స్టార్ట్ చేయకుండానే మార్చండి. బాగుంటే, కొంచెంసేపు నడిపి వేడెక్కాక దించండి, మురికి కూడా కలిసి దిగుతుంది. పాత ఆయిలు కాలవలో పోయొద్దు.

క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయి ఉంటే గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది. ఇంజిన్ ఆపి, రెండో గేరులో క్లచ్ పట్టుకుని ముందుకీ వెనక్కీ తోయండి, చాలాసార్లు విడిపోతాయి.

టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. 100 సీసీ బండ్లకు ఒక్కరే వెళ్తే ముందు 25, వెనక 28 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. పక్కగోడ మీద నెర్రెలుంటే గాలి నిలిచినా ఆ టైరును నమ్మొద్దు. దానిమీది నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. చైనుకు కిరసనాయిలుతో తుప్పు తీసి 90 గేరాయిలు రాయండి. బ్రేకు ఆయిలు గీత కంటే తగ్గిందేమో, లివర్ మెత్తగా దిగుతోందేమో చూడండి.

ఇక స్టార్ట్ చేయండి, కార్బురేటర్ బండయితే చోక్ లాగి. మొదటి రెండు మూడు నిమిషాలు రేస్ చేయొద్దు, ఆయిలు పైదాకా ఎక్కనివ్వండి. పోసిన ఆయిలు కాలి కాసేపు నీలం కలిసిన తెల్లపొగ వస్తుంది. పదినిమిషాలైనా తగ్గకపోతే మెకానిక్‌కు చూపించండి. వీధి చివరిదాకా నెమ్మదిగా పోయి, రెండు బ్రేకులూ పట్టి చూసుకోండి. హైవే ఎక్కేముందు ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల తేదీలు కూడా చూడండి. ఆగి ఉన్న నెలల్లోనే అవి అయిపోయి ఉండొచ్చు.