సర్కారు డబ్బు దారి తప్పకుండా ఇంటికి చేరాలంటే

"ఊళ్లో అందరికీ పీఎం కిసాన్ పడిందంటరా, మనకే పడలేదు" అని మా నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కూడా అందరిలాగే సర్కారునే తిట్టుకున్నా. తీరా చూస్తే డబ్బులు పడుతూనే ఉన్నాయి. ఎప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టి జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిచినప్పుడు నాన్న కూడా వెళ్లి వేలిముద్ర వేసొచ్చాడట, ఆ పాస్‌బుక్ ట్రంకు పెట్టెలో పాత పెళ్లి శుభలేఖల కింద దొరికింది, అందులో నాలుగు విడతలు, 8,000 రూపాయలు చల్లగా కూర్చుని ఉన్నాయి. అదే ఏడాది విత్తనాలకి నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

అప్పట్నుంచి మా ఇంటి లెక్క, అక్క వాళ్ల ఇంటి లెక్క నేనే చూస్తున్నా. మాది తెలంగాణలో మధిర పక్క పల్లె, అక్కని ఇచ్చింది ఆంధ్రలో తిరువూరు వైపు. మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉంది కాబట్టి పథకాలు వేరు, పేర్లు వేరు, తిప్పలు మాత్రం ఒకటే. ఊళ్లో అమ్మానాన్నలున్న వాళ్లకి, ముఖ్యంగా పట్నంలోనో అమెరికాలోనో కూర్చుని ఫోన్లోనే పనులు చక్కబెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరి పేరు మీద ఏ పథకం, ఎంత, ఏ నెలలో, ఏ బ్యాంకులో, ఏ ఫోన్ నంబరుకి మెసేజ్ వస్తుంది, అంతా రాయండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ ఊళ్లో ఈ కాగితం ఉన్న ఇల్లు నేనింతవరకూ చూడలేదు. మా నాన్న పేరు మీద పీఎం కిసాన్ ఏడాదికి 6,000, మూడు విడతలు. రైతు భరోసా ఎకరానికి సీజనుకి 6,000, మూడెకరాలకి 18,000. (2018 మేలో రైతు బంధు అని మొదలైనప్పుడు ఎకరానికి 4,000 చొప్పున చెక్కులిచ్చారు, ఆ చెక్కు పట్టుకుని నాన్న దిగిన ఫోటో ఇప్పటికీ ఉంది.) నాయనమ్మ పింఛను నెలకి 2,016.

అక్క వాళ్లింట్లో అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏడాదికి 20,000. అక్కడ ఎకరాల లెక్క లేదు, కుటుంబానికి ఇంత అని. తల్లికి వందనం ఇద్దరు పిల్లలకి. పేరుకి ఒక్కొక్కరికి 15,000, అందులో బడి నిర్వహణకి 2,000 పోను తల్లి ఖాతాలో పడేది 13,000, అంటే 26,000. అక్క అత్తగారి పింఛను నెలకి 4,000, ఒకటో తారీకున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చేతిలో పెడతారు, ఏడాదికి 48,000. అన్నీ కూడితే 94,000. బావ నమ్మలేదు, కాగితం లాక్కుని మళ్లీ కూడాడు. ఇన్నాళ్లూ ఆ డబ్బు చిల్లరగా వచ్చి చిల్లరగా పోయింది, ఇంత వస్తోందని ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

రెండో పని ఖాతా వెతకడం. మా నాన్న లాంటి వాళ్లంతా పడే గుంట ఇదే, అందుకే కాస్త నిదానంగా చెప్తా. ఆధార్ బ్యాంకుకి లింక్ అవడం వేరు, సర్కారు డబ్బు పడటానికి ఆ ఖాతాని ఎంచుకోవడం వేరు. మీ ఆధార్ నాలుగు బ్యాంకుల్లో ఇచ్చి ఉండొచ్చు, కానీ ఆధార్ ద్వారా పంపే డబ్బు ఒక్క బ్యాంకుకే వెళ్తుంది, ఏ బ్యాంకుకి అనేది ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గరున్న పట్టికలో ఉంటుంది. చివరిసారి ఏ బ్యాంకులో మీరు "సర్కారు డబ్బు ఈ ఖాతాకే రావాలి" అనే కాగితం మీద సంతకమో వేలిముద్రో పెట్టారో అదే అక్కడ నిలుస్తుంది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా టిక్కులు పెట్టిస్తారు చూడండి, అక్కడే దారి మారిపోతుంది.

ఇది తెలుసుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగక్కర్లేదు. ఫోన్లో \*99\*99\*1# కొట్టి ఆధార్ నంబరిస్తే ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో చూపిస్తుంది, మామూలు బటన్ల ఫోనైనా చాలు. ఆధార్ వెబ్‌సైట్లో లాగిన్ అయినా కనిపిస్తుంది. బ్యాంకు పేరే వస్తుంది, ఖాతా నంబరు పూర్తిగా రాదు, కాబట్టి ఆ బ్యాంకులో రెండు ఖాతాలున్నవాళ్లు వెళ్లి అడగాల్సిందే. మార్చుకోవాలంటే మీకు కావాల్సిన బ్యాంకుకి వెళ్లి "సబ్సిడీ డబ్బులు ఈ ఖాతాకే రావాలి, ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి" అని ఆ మాటే అనండి. ఉత్తినే "ఆధార్ లింక్ చేయండి" అంటే "ఎప్పుడో అయిపోయింది పెద్దాయనా" అని పంపించేస్తారు. అది అబద్ధం కూడా కాదు మరి!

ఇంకా రెండు చోట్ల ఆగిపోతుంది. ఒకటి ఈ-కేవైసీ, పీఎం కిసాన్‌కి అది తప్పనిసరి. ఫోన్‌కి వచ్చే ఓటీపీతో అవుతుంది, వేలిముద్రతో అవుతుంది, వేళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లకి పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించినా అవుతుంది. రెండోది పేర్లు. పట్టాదారు పాసుపుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బ్యాంకులో ఇంటిపేరు వెనక్కి వెళ్లి ఇంకోలా. మూడూ కలిసేదాకా టెన్షన్ తప్పదు. ముందు ఆధార్ సరిచేసుకుని దాన్ని బట్టి మిగతావి మార్చుకోవడం తేలిక. 2014, 15లో తెరిచిన జన్‌ధన్ ఖాతాలకి పదేళ్లు దాటాయి కాబట్టి మళ్లీ కేవైసీ అడుగుతున్నారు, చేయించకపోతే పడిన డబ్బు కూడా తియ్యనివ్వరు.

సరే, పడింది. ఇప్పుడు తీయాలి. మండలంలో బ్యాంకు ఉన్నా పెద్దవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఊళ్లో వేలిముద్ర మిషన్ పెట్టుకున్న కుర్రాడి దగ్గరికే. మంచివాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ "సర్వర్ రావట్లేదు, ఇంకోసారి వెయ్యి" అంటూ రెండుసార్లు వేలు పెట్టించి ఒకసారి డబ్బులిచ్చిన సంగతి మా ఊళ్లోనే జరిగింది. అమ్మానాన్నలకి గట్టిగా చెప్పండి, వేలు పెట్టిన ప్రతిసారీ స్లిప్ అడగాలి, ఫెయిలైనా సరే ఫెయిలైన స్లిప్పే అడగాలి. వెయ్యికి ఇంత అని చేతిలోంచి కోసుకునే హక్కు వాళ్లకి లేదు, వాళ్ల కమీషన్ బ్యాంకిస్తుంది. పోస్ట్‌మ్యాన్ దగ్గర కూడా ఆ మిషన్ ఉంటుంది, ఇంటికే వచ్చి ఇస్తాడు, నడవలేని వాళ్లకి అది హాయి. ఆధార్ వేలిముద్రని లాక్ చేసుకునే వీలుంది కానీ మా నాయనమ్మలా నెలనెలా వేలిముద్రతోనే పింఛను తీసుకునేవాళ్లకి అది పెడితే పింఛను రోజున మీకే ఫోన్లొస్తాయి. మే నెలాఖరున 436, 20 రూపాయలు కట్ అయితే కంగారు పడొద్దు, అవి కేంద్రం బీమాలు. ఖాతాదారు పోతే (20 రూపాయలదైతే ప్రమాదంలో పోతేనే) 2 లక్షలు వచ్చేవి, ఉంచుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో "పీఎం కిసాన్ ఏపీకే" అని వచ్చే ఫైల్ మాత్రం ఎవరు పంపినా తెరవనివ్వకండి, సొంత బావమరిది పంపినా సరే, ఎందుకంటే ఆయన ఫోన్ కూడా అప్పటికే దొంగల చేతిలోకి పోయి ఉంటుంది. తెరిచేశారా, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

ఇక అసలు సంగతి, ఈ డబ్బుతో ఏం చేయాలి. నా వరకు నాకు అర్థమైంది ఒకటే, ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడిందనేదే ఇంటిని మారుస్తుంది. లెక్క చూడండి. మూడెకరాల పత్తికి ఎకరానికి రెండు ప్యాకెట్లు, 2025లో ప్యాకెట్ 901, అంటే విత్తనాలకే 5,400. డీఏపీ బస్తా 1,350. దున్నకం, కూలీలు కలిపితే మొదటి నెలలోనే 18,000 దాటుతుంది. అది జూన్‌లో మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 540, పత్తి అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి ఏడు నెలలు, 3,780. పైగా ఎరువుల కొట్టులో అరువు పెడితే పంట కూడా ఆయనకే తూకం వేయాలి, ధర ఆయన చెప్పిందే. అదే రైతు భరోసా జూన్‌లోనే పడి, నాన్న నగదు పట్టుకుని కొట్టుకి వెళ్తే వడ్డీ మిగలడమే కాదు, పత్తి ఎక్కడ అమ్మాలో నిర్ణయించుకునేది కూడా నాన్నే. అదే డబ్బు ఆగస్టులో పడితే పాత అప్పు వడ్డీకి పోతుంది, ఏం మిగిలిందో కూడా తెలీదు.

తేదీ మన చేతిలో లేదు, నిజమే. కానీ కిందటి సీజన్ డబ్బులో కొంత, లేదా అక్క వాళ్లలా పింఛనులో నెలకి 500 పక్కన పెట్టి జూన్ నాటికి ఒక ఐదారు వేలు చేతిలో ఉంచుకోవడం మన చేతిలోనే ఉంది. అది డ్వాక్రా పొదుపులో వేస్తారా, పోస్టాఫీసులోనా మీ ఇష్టం. బావ చేతికి మాత్రం ఇవ్వొద్దని అక్క అంటుంది!

డబ్బిస్తే తాగేస్తారు అనే మాట రచ్చబండ మీదా వింటాం, ఏసీ ఆఫీసుల్లోనూ వింటాం. మధ్యప్రదేశ్‌లో 2011, 12లో సేవ అనే మహిళా కార్మికుల సంఘం కొన్ని పల్లెల్లో అందరికీ షరతుల్లేకుండా నెలనెలా డబ్బిచ్చి చూసింది. మొదట పెద్దవాళ్లకి 200, పిల్లలకి 100, తర్వాత 300, 150. మన హైదరాబాద్ సామాజికవేత్త శరత్ దావల అందులో పనిచేశారు. తాగుడేం పెరగలేదు. తిండి మెరుగైంది, మేకలూ కోళ్లూ కొనుక్కున్నారు, కొందరు కూలికి పోవడం తగ్గించి సొంత చేలో ఎక్కువ పనిచేశారు. అక్కడ ఎవరి డబ్బు వాళ్లకే ఇచ్చారు, పిల్లలది తల్లి చేతికి. అందుకే నేను చెప్పేది, ఇంట్లో ఆడవాళ్ల ఖాతాలో పడే డబ్బుని మగవాళ్ల ఖాతాలోకి మార్చి "అన్నీ ఒకే చోట ఉంటాయి" అని సర్దకండి. ఒకే చోట ఉంటే ఒకే చెయ్యి తీస్తుంది.

కౌలు చేసేవాళ్ల గురించి చెప్పకపోతే ఇది సగం రాసినట్టే. మా పక్కింటాయన నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు, పెట్టుబడి ఆయనది, నష్టం ఆయనది, రైతు భరోసా మాత్రం హైదరాబాద్‌లో ఉండే పొలం యజమానికి పడుతుంది. తెలంగాణలో అయితే మీ చేతిలో ఉన్నది ఒక్కటే, కౌలు మాట్లాడుకునే రోజే ఆ డబ్బు సంగతి కూడా తేల్చుకుని కౌలు తగ్గించమని అడగడం. కొందరు యజమానులు ఒప్పుకుంటున్నారు కూడా. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు ఇస్తారు, 11 నెలలే చెల్లుతుంది కాబట్టి ఏటా కొత్తగా తీసుకోవాలి, యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగిపోతోంది. కార్డిస్తే పొలం పోతుందని వాళ్ల భయం, పోదని ఆ చట్టంలోనే రాసుంది, అది ప్రింటు తీసి చూపించండి.

డబ్బు రాకపోతే అడగండి, సిగ్గుపడకండి. పీఎం కిసాన్‌కి 155261. తెలంగాణలో ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారి), ఆంధ్రలో సచివాలయాన్ని, ఒట్టి మాటగా కాకుండా కాగితం మీద అడిగి నకలు ఉంచుకోండి. 2018లో రైతు బంధు చెక్కులు పంచేటప్పుడు ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ల బృందం ఒక పని చేసింది. "మీ మండలంలో రైతులకి ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం" అని కొందరు అధికారులకి ముందే చెప్పింది. అంతే, అలా చెప్పిన చోట చెక్కులు ఇంకాస్త ఎక్కువగా, వేళకి అందాయి. అడిగేవాళ్లున్నారని తెలిస్తే ఫైలు కదులుతుంది, ఇది మనందరికీ తెలిసిందే, వాళ్లు లెక్కగట్టి చూపించారు.

ఒక్కటి మర్చిపోయా. ఇంటి పెద్ద పోతే ఆయన పేరు మీద వచ్చేవన్నీ ఆగుతాయి, పొలం వారసుల పేరుకి మారేదాకా (విరాసత్ అంటారు) వాళ్లకి రావు, కాబట్టి దినవారాలు అవగానే ఆ పని మొదలుపెట్టాలి. ఆంధ్రలో పింఛను తీసుకునే భర్త పోతే భార్యకి ఆ పింఛను ఇస్తున్నారు, మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో వెంటనే చెప్పాలి. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకి రైతు బీమా 5 లక్షలు, అందులో నామినీ పేరు ఒకసారి చూసుకోండి. మా నాన్నకి 56. తీసి చూస్తే నామినీ గడిలో నాయనమ్మ పేరుంది, ఆవిడకి ఇప్పుడు ఎనభై దాటాయి. అమ్మ పేరు రాయించడానికి పోయిన వారమే ఇద్దరం కలిసి ఏఈఓ దగ్గరికి వెళ్లొచ్చాం.