కేటో వీధి అటక: కుట్ర స్థావరపు చిత్రాలను పరిశీలించే పద్ధతి

1820 ఫిబ్రవరి 23 రాత్రి లండన్‌లో ఎడ్జ్‌వేర్ రోడ్డుకు దగ్గరగా ఉన్న కేటో వీధిలో, ఒక గుర్రపుశాల పైనున్న అటకలో విప్లవవాది ఆర్థర్ థిసిల్‌వుడ్ బృందం ఆయుధాలు సిద్ధం చేసుకుంటుండగా బో స్ట్రీట్ పోలీసులు దాడి చేశారు. మంత్రి లార్డ్ హారోబీ ఇంట విందుకు కూడబోయే మంత్రివర్గాన్ని ప్రధాని లివర్‌పూల్‌తో సహా హతమార్చాలన్నది ఆ బృందం పథకం; పత్రికలో వచ్చిన విందు వార్త తమను పట్టుకోవడానికి పన్నిన వల అని వారికి తెలియదు. కొద్ది వారాలలోనే ఆ అటక బొమ్మలు లండన్ దుకాణాలలో అమ్మకానికి వచ్చాయి. వాటిని చరిత్రకు ఆధారంగా వాడదలచినవారు బొమ్మ కంటే ముందు దాని కింద ఉన్న అక్షరాలను చదవాలి.

చిత్రకారుల హక్కుల కోసం 1735లో వచ్చిన ఇంగ్లండు చట్టం ప్రకారం, హక్కు కోరే ప్రతి ముద్రణ చిత్రం మీదా హక్కుదారు పేరు, ప్రచురణ తేదీ ఉండాలి. కనుక అంచును కత్తిరించిన ప్రతికి బదులు పూర్తి ప్రతినే ఎంచుకోండి. ఈ ఘటనపై చిత్రకారుడు జార్జ్ క్రూక్‌షాంక్ గీసిన ప్రసిద్ధ చిత్రాన్ని 1820 మార్చిలో సెయింట్ జేమ్స్ వీధి వ్యాపారి హంఫ్రీ ప్రచురించాడు. జరిగిన సంగతిని రుత్వెన్ అనే పోలీసు అధికారి చెప్పినదాన్నిబట్టి, గది లోపలి భాగాన్ని అక్కడికే వెళ్ళి చూసి గీసినట్లు దాని శీర్షికలోనే ఉంది. అంటే ఒకే బొమ్మలో రెండు రకాల ఆధారాలున్నాయి: గోడలు, దూలాలు కంటితో చూసి గీసినవి, మనుషులు, కత్తులు ఒకరి నోట విన్నవి. మీ నోట్సులో ఈ రెండింటినీ వేరువేరుగా రాసుకోవాలి.

తరువాత బొమ్మను కోర్టు వాంగ్మూలాల పక్కన పెట్టి చూడాలి. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో జరిగిన విచారణల పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అసలు పని ఇక్కడే ఉంది కనుక తొందరపడకూడదు. నిచ్చెన ఎక్కి పైకి ముందుగా వెళ్ళినవాడు రుత్వెన్. ఆ వెనుక ఎల్లిస్, తరువాత స్మిథర్స్ అనే పోలీసులు. పక్కనున్న చిన్న గది వైపు వెళ్ళబోయిన స్మిథర్స్‌ను థిసిల్‌వుడ్ కత్తితో పొడిచాడు. వెంటనే ఎవరో దీపాలు ఆర్పమని అరవడంతో కొవ్వొత్తులు ఆరిపోయాయి. క్రూక్‌షాంక్ ఎంచుకున్నది సరిగ్గా స్మిథర్స్ నేలకొరిగే క్షణం, అంటే ఆ గదిలో ఎవరికైనా ఏదైనా స్పష్టంగా కనిపించిన చివరి క్షణం. అతడు తెలివైనవాడే. ఆపైన జరిగిన పెనుగులాటను వెలుగులో చూపే బొమ్మ ఏదైనా ఊహే అవుతుంది. కెప్టెన్ ఫిట్జ్‌క్లారెన్స్ నడిపిన కోల్డ్‌స్ట్రీమ్ గార్డులు తుపాకీ చప్పుడు విన్నాకే వచ్చారు. కాబట్టి స్మిథర్స్ పడిపోతున్న దృశ్యంలోనే సైనికులు కనిపిస్తే రెండు ఘట్టాలను చిత్రకారుడు ఒకటిగా కలిపినట్లే. పోలీసులు ప్రవేశించినప్పుడు కింద గుర్రపుశాలలో కాపలా ఉన్న కుట్రదారు విలియం డేవిడ్‌సన్‌ను అదే క్షణంలో అటక మీద చూపితే, దాన్నీ అనుమానించవలసిందే.

వాంగ్మూలాలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. కుట్రదారులలో ఒకడైన రాబర్ట్ ఆడమ్స్ ప్రభుత్వపక్షాన సాక్ష్యం చెప్పాడు. వారి మధ్య తిరుగుతూ ప్రభుత్వానికి సమాచారం చేరవేసిన జార్జ్ ఎడ్వర్డ్స్‌ను మాత్రం ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవనే లేదు.

గది కొలతలు, దిక్కులు తేల్చేటప్పుడు ఈ బొమ్మలను అచ్చువేసిన రాగి పలక స్వభావాన్ని గుర్తుంచుకోవాలి. పలక మీద చెక్కిన గీత కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. చెక్కేవాడు ముందుగానే తిప్పి గీసుకోకపోతే నిచ్చెన, కిటికీ, చిన్న గది తలుపు ఎదురు పక్కకు మారిపోతాయి. అందువల్ల కనీసం రెండు వేర్వేరు ప్రచురణకర్తల చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఒకదానిని అద్దంలో చూసి పోల్చడం మంచిది. అయితే అవి ఒకదానికొకటి నకళ్ళైతే ఆ పోలికకు విలువ లేదు. రంగులను లెక్కలోకి తీసుకోనవసరం లేదు, ఎందుకంటే అవి ముద్రణ అయ్యాక దుకాణంలో చేత్తో పూసినవి, ప్రతి ప్రతికీ మారవచ్చు.

భవనపు ముఖభాగాన్ని చూపే చిత్రాలను సరిచూడడం వీటికంటే సులభం. ఆ కట్టడం నేటికీ 1ఏ, కేటో వీధిలో నీలి ఫలకంతో నిలిచి ఉంది. లండన్‌లో ఉంటున్న తెలుగువారు ఎడ్జ్‌వేర్ రోడ్డు స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళి, బొమ్మలోని తలుపులనూ కిటికీలనూ వీధిలో నిలబడే పోల్చుకోవచ్చు. పాత పటాలు వెతికేవారు మాత్రం ఒక సంగతి గమనించాలి: కుట్ర తరువాత ఆ వీధికి హొరేస్ వీధి అని పేరు మార్చారు, పాత పేరు తిరిగి వచ్చింది 20వ శతాబ్దంలోనే, కాబట్టి మధ్యకాలపు పటాలలో హొరేస్ వీధి పేరుతోనే వెతకాలి.